సనదు లేని ఛాయాచిత్రం

కొన్నేళ్ళ క్రితం ఒక హదీసు వ్యాఖ్యానంలోని కొన్ని పుటలను తెలుగు చేసే పని నాకు అప్పగించారు. మూలం అచ్చు కాని రాతప్రతి. అది ఉన్న చోటికి నేను వెళ్ళలేదు. వెళ్ళవలసిన అవసరం కూడా కనిపించలేదు. దాని డిజిటల్ చిత్రాలు ఒక సంస్థ ద్వారా నాకు అందినవి. చిత్రాలు స్పష్టంగానే ఉన్నవి. అక్షరం పోల్చుకోవడానికి ఎక్కడా ఇబ్బంది కలుగలేదు. అనువాదం పూర్తయినది, అచ్చు కూడా అయినది. ఆ తరువాత ఒక వృద్ధ ఆలిమ్ నన్ను పిలిపించి, అచ్చయిన పుటలో ఒక వాక్యం మీద వేలు పెట్టి, "మౌల్వీ సాబ్, ఇది హదీసులోని మాట అని మీకెవరు చెప్పారు? ఇది షారిహ్ మాట కదా!" అన్నారు.

ఆయన అన్నదే నిజం. అచ్చయిన హదీసు సంకలనాలతో సరిచూస్తే ఆ వాక్యం ఎక్కడా లేదు. అది వ్యాఖ్యాత వివరణ. దాన్ని నేను దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారి మాటగా తెలుగు పాఠకుల చేతిలో పెట్టాను. పొరపాటు ఎలా జరిగిందో తరువాత తెలిసినది. ఆ రాతప్రతిలో మూలవాక్యాల మీద లేఖకుడు సన్నని ఎర్రసిరా గీత గీసి, వ్యాఖ్యానాన్ని గీత లేకుండా వదిలాడు. మన వ్యాఖ్యాన గ్రంథాల రాతప్రతులలో ఇది మామూలు పద్ధతే. నాకందిన చిత్రాలు మాత్రం కేవలం నలుపు, తెలుపు. లేత ఎరుపు గీతలు తెలుపులో కలిసిపోయి పూర్తిగా మాయమైనవి. గీత పోయిన చోట ప్రవక్త (స) మాటకూ, వ్యాఖ్యాత మాటకూ మధ్య గోడ కూడా పోయినది.

తప్పు నాది. అందులో సందేహం లేదు. సరిచూసుకోవలసిన బాధ్యత అనువాదకుడిది. అయితే నేను ఆ సంస్థకు ఉత్తరం వ్రాసి మూడే ప్రశ్నలు అడిగాను. ఈ చిత్రాలు అసలు ప్రతి నుంచి తీసినవా, లేక పాత మైక్రోఫిల్ము నుంచి తీసినవా? మొదట రంగులలో తీసి తరువాత నలుపు తెలుపులుగా మార్చారా? తీసినది ఎవరు, ఎప్పుడు? మూడింటికీ వచ్చిన సమాధానం ఒకటే: వివరాలు నమోదు కాలేదు. ఈ వ్యాసం ఆ సమాధానాన్ని గురించి. సంస్థ పేరు ఇక్కడ అనవసరం. ఆ సమాధానం ఒక్క చోట మాత్రమే వినిపించేదైతే దీన్ని వ్రాయవలసిన పని ఉండేది కాదు.

నమోదు చేయవలసినవి ఏవి?

గ్రంథాలయాలు, మ్యూజియములు తమ వస్తువుల చిత్రాలతో పాటు ఉంచే సమాచారాన్ని మెటాడేటా అంటున్నారు. అందులో ఒక భాగం వర్ణన: గ్రంథం పేరు, కర్త, భాష, విషయం, కాలం. ఇది పాత కేటలాగు కార్డుకు కొనసాగింపే కనుక అందరికీ అర్థమవుతుంది, ఏదో ఒక మేరకు అందరూ నింపుతారు. రెండవ భాగాన్ని పరిపాలనా మెటాడేటా అంటారు. మనం సులువుగా 'నిర్వహణ వివరాలు' అందాం. ఇవి గ్రంథాన్ని గురించి కాక, ఆ చిత్రాన్ని గురించి చెబుతాయి. చిత్రం ఎలా పుట్టింది, ఎవరి చేతుల మీదుగా వచ్చింది, దాన్ని ఎవరు ఏ షరతుపై వాడవచ్చు, పుట్టిన నాటి నుంచి నేటి వరకు దానిలో ఏమి మారింది అనే ప్రశ్నలకు ఇవి జవాబు.

అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నిర్వహణలో 2001లో వెలువడిన 'మెట్స్' అనే నమూనా ఈ వివరాలను నాలుగు గదులుగా విభజించినది. మొదటిది సాంకేతిక వివరాలు. రెండవది మూలవస్తువు వివరాలు. మూడవది హక్కుల వివరాలు. నాలుగవది డిజిటల్ పరంపర, అంటే ఆ ఫైలు జీవితచరిత్ర. నిశ్చల చిత్రాల సాంకేతిక వివరాల కోసం జడ్ 39.87 అనే ప్రమాణం 2006లో ఖరారయినది. భద్రపరచే పని కోసం 'ప్రెమిస్' అనే నిఘంటువు 2005లో వచ్చినది. వస్తువు, దానికి జరిగిన సంఘటన, ఆ సంఘటనకు బాధ్యుడు, హక్కులు అనే నాలుగు అంశాల చుట్టూ అది అల్లబడినది. కనుక ఏమి వ్రాయాలో ఎవరికీ తెలియదనే సాకు ఇరవై ఏళ్ళ క్రితమే తీరిపోయినది.

సాంకేతిక వివరం అంటే ఇంజనీర్ల గొడవ అని మనవారు పక్కన పెడతారు. ఒక చిన్న లెక్క చూడండి. నస్ఖ్ లిపిలో ఒక నుక్తా సుమారు 1 మిల్లీమీటరు ఉన్నదనుకుందాం. అంగుళానికి 300 బిందువుల చొప్పున తీసిన చిత్రంలో ఆ నుక్తా అడ్డంగా దాదాపు 12 బిందువులు ఆక్రమిస్తుంది. అంగుళానికి 100 చొప్పున తీస్తే నాలుగే మిగులుతాయి. ఆ నాలుగింటిలో అది సిరా చుక్కా, పురుగు తిన్న రంధ్రమా అని తేల్చడం కష్టం. బా, తా, సా, నూన్, యా అక్షరాలను పద మధ్యంలో వేరుచేసేది నుక్తా ఒక్కటే కదా! అలాగే ఒక బిందువుకు ఒకే బిట్టు కేటాయించిన చిత్రంలో నలుపు, తెలుపు తప్ప మరొకటి ఉండదు. 8 బిట్లు కేటాయిస్తే 256 ఛాయలు, 24 బిట్లయితే 1 కోటి 67 లక్షలకు పైగా రంగులు. నా ఎర్రగీత ఒక బిట్టు చిత్రంలో చచ్చిపోయినది. ఈ ఒక్క అంకె చిత్రం పక్కన వ్రాసి ఉంటే, 'ఇందులో రంగు లేదు, జాగ్రత్త' అన్న హెచ్చరిక నాకు దక్కేది.

రంగు అలంకారం కోసమే అనుకునేవారికి ఇంకొక విషయం మనవి చేయాలి. తొలి శతాబ్దాల ముస్‌హఫ్‌లలో స్వరచిహ్నాలు ఇప్పటి ఫత్‌హా, కస్రా, జమ్మాల రూపంలో ఉండేవి కావు. రంగు చుక్కలుగా ఉండేవి. మదీనా వారు స్వరాలకు ఎరుపు, హమ్జాకు పసుపు వాడేవారని హిజ్రీ 444లో మరణించిన ఇమామ్ అబూ అమ్ర్ దానీ (రహ్) ముస్‌హఫ్ చుక్కల శాస్త్రంపై వ్రాసిన గ్రంథంలో నమోదు చేశారు. అటువంటి ముస్‌హఫ్ ఆకును నలుపు తెలుపులలో చూపితే హమ్జా ఏదో, స్వరం ఏదో తెలియదు. రంగులలో చూపినా, పక్కన ప్రమాణమైన రంగుల పట్టీ పెట్టి తీయకపోతే, ఆ పసుపు అసలైన పసుపా, దీపపు వెలుగు వలన వచ్చినదా అనే సందేహం మిగిలిపోతుంది. పట్టీ పెట్టారా, ఏ పట్టీ, ఏ వెలుగు అనేవి నిర్వహణ వివరాలే.

హదీసు విద్వాంసుల కొలబద్ద

ఇదంతా పాశ్చాత్య గ్రంథాలయాలు కొత్తగా కనిపెట్టిన తతంగమని భావించేవారు మనలో ఉన్నారు. నాకు అలా తోచదు. మదర్సాలో ఉసూలె హదీసు చదివిన ఎవరికైనా ఈ నాలుగు గదులు పాత పరిచయాలుగానే కనిపిస్తాయి.

డమాస్కస్‌లోని దారుల్ హదీస్ అష్రఫియ్యాలో బోధించి హిజ్రీ 643 (క్రీ.శ. 1245)లో మరణించిన ఇమామ్ ఇబ్ను సలాహ్ (రహ్) హదీసు శాస్త్రాన్ని 65 విభాగాలుగా క్రమబద్ధం చేశారు. అందులో హదీసు ఒకరి నుంచి మరొకరికి చేరే మార్గాలు ఎనిమిదింటిని లెక్కించారు. గురువు నోట వినడం మొదటిది. గురువు ముందు చదవడం, అనుమతి పొందడం, గ్రంథాన్ని చేతికివ్వడం, వ్రాసి పంపడం, తెలియజేయడం, వీలునామా ద్వారా సంక్రమించడం ఆ తరువాతివి. చిట్టచివరిది 'విజాదా', అంటే ఒకరి గ్రంథం మరొకరికి దొరకడం. వినలేదు, అనుమతి లేదు, గురువును చూడలేదు. కాగితాలు మాత్రం చేతికి వచ్చినవి. అటువంటివాడు 'ఫలానా వారు నాకు చెప్పారు' అనరాదు. 'ఫలానా వారి చేవ్రాతలో నాకు దొరికినది' అనే మాట వరకే అతనికి హక్కు. అది ఆయన చేవ్రాతే అన్న నమ్మకం కుదరకపోతే ఆ మాట కూడా అనరాదు. ఇంకా తగ్గి, ఫలానా వారిదని నాకు చేరినది అని మాత్రమే చెప్పాలి.

నిర్వహణ వివరాలు లేని డిజిటల్ చిత్రం విజాదా కంటే పైకి రాదు. చాలాసార్లు ఆ చివరి మెట్టుకు కూడా అందదు. కాని మనం వ్యవహరించే తీరు దీనికి పూర్తిగా విరుద్ధం. తెరమీద చిత్రం కనబడగానే అసలు ప్రతినే చూశామన్నట్టు 'రాతప్రతిలో ఇలా ఉన్నది' అని అధస్సూచికలు వ్రాస్తున్నాం. మనం చూసినది రాతప్రతిని కాదు. ఒక కెమెరా, ఒక మనిషి, ఒక సాఫ్ట్‌వేర్ అనే ముగ్గురు రావీల ద్వారా వచ్చిన కథనాన్ని. ఆ ముగ్గురి పేర్లూ తెలియకుండానే వారిని విశ్వసనీయులుగా ప్రకటిస్తున్నాం. మధ్యలో ఒక్క రావీ పేరు తెలియకపోతే హదీసును బలహీనమనే శాస్త్రం మనది. చిత్రాల విషయంలో ఆ శాస్త్రం ఎక్కడికి పోయినదో!

ఆ కాలపు వారు కాగితం మీద ఎంత శ్రద్ధ చూపారో గమనించండి. డమాస్కస్ ప్రతుల చివర దొరికే సమాఅ పట్టికలలో పాఠం విన్నవారి పేర్లు, చదివినవారి పేరు, స్థలం, తేదీ ఉంటాయి. ఆలస్యంగా వచ్చి కొంత భాగం విననివాడెవరో కూడా వ్రాసి ఉంటుంది. నకలు వ్రాసినవాడు దాన్ని మూలంతో సరిచూడాలి; దీన్ని ముఖాబలా అన్నారు. ఒక హదీసుకూ మరొకదానికీ మధ్య చిన్న వృత్తం గీసి ఖాళీగా ఉంచమనీ, సరిచూడడం పూర్తయిన చోట ఆ వృత్తంలో చుక్క పెట్టమనీ ఖతీబ్ బగ్దాదీ (రహ్) మొదలైనవారి సలహా. ఖాళీ వృత్తం కనబడితే అక్కడి పాఠం ఇంకా సరిచూడలేదని చదువరి గ్రహించాలి.

నేటి కంప్యూటర్లలో 'చెక్‌సమ్' అనేది ఆ చుక్క వంటిదే. ఒక ఫైలును గణితసూత్రం గుండా పంపితే ఒక సంఖ్య వస్తుంది. ఎస్‌హెచ్ఏ 256 అనే పద్ధతిలో అది 64 అక్షరాల వరుస. ఫైలులో ఒక్క బిట్టు మారినా ఆ వరుస గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. చిత్రం తీసిన నాడు ఆ వరుసను నమోదు చేసి, పదేళ్ళ తరువాత మళ్ళీ లెక్కగట్టి పోల్చితే, ఫైలు చెక్కుచెదరలేదని ధైర్యంగా చెప్పవచ్చు. లెక్క కట్టిన తేదీ, కట్టినవారు, ఫలితం అనే మూడూ కలిసినప్పుడే అది వృత్తంలో చుక్క. లేకుంటే ఖాళీ వృత్తమే.

పోలికకు ఒక హద్దు ఉన్నది, దాన్ని దాచరాదు. సనదు సవ్యంగా ఉన్నంత మాత్రాన మత్న్ సరైనదని తీర్మానించలేమని మన విద్వాంసులే హెచ్చరించారు. చెక్‌సమ్ కూడా అంతే. ఫైలు మారలేదని చెబుతుంది కాని, మొదట తీసిన చిత్రం నిజాయితీగా తీశారని చెప్పదు. పుట అంచు కోసివేసి తీసిన చిత్రానికి కూడా నిర్దుష్టమైన చెక్‌సమ్ ఉంటుంది. రావీలో చూడవలసినవి రెండు: జబ్త్, అదాలత్. యంత్రానికి జ్ఞాపకశక్తి అపారం. నీతి అనే ప్రశ్నే దానికి వర్తించదు. కెమెరా గడియారం తప్పుగా పెట్టి ఉంటే వెయ్యి చిత్రాలకు వెయ్యి తప్పు తేదీలను అది తడుముకోకుండా వ్రాస్తుంది. కనుక యంత్రం వ్రాసిన వివరాల కింద ఒక మనిషి పేరు, అతని బాధ్యత ఉండి తీరాలి.

మూడు సాక్ష్యాలు

మాటలకంటే ఉదాహరణలు మేలు. యెమెన్ రాజధాని సనాలోని జామె మస్జిదు మరమ్మతులలో 1972లో ప్రాచీన ముస్‌హఫ్ ఆకులు పెద్దసంఖ్యలో బయటపడిన సంగతి పాఠకులకు తెలిసినదే. వాటిలో ఒక ప్రతి తోలుపత్రాలపై మొదట వ్రాసిన పాఠాన్ని చెరిపి, పైన మరల ఖుర్‌ఆన్ పాఠాన్నే వ్రాశారు. కింది వ్రాత మామూలు కంటికి చాలా చోట్ల అందదు. అతినీలలోహిత కాంతిలో ఆ సిరా అవశేషాలు తేలుతాయి. 2007లో అటువంటి చిత్రాలు తీశారు. 2012లో సదేగీ, గుదర్జీ అనే ఇద్దరు పరిశోధకులు కింది పాఠాన్ని ప్రకటించారు. ఆ పాఠంపై ఎన్నో వాదాలు చెలరేగినవి. ఆ వాదాల జోలికి నేను పోవడం లేదు. నా ప్రశ్న ఒక్కటే: ఒక అక్షరం ఉన్నదా లేదా అన్న వివాదం ఒక కాంతి మీద ఆధారపడినప్పుడు, ఏ కాంతి, ఎంత తరంగదైర్ఘ్యం, ఏ ఫిల్టరు, ఎంతసేపు వెలుగు పెట్టారు, తరువాత సాఫ్ట్‌వేరులో ఎంత మార్చారు అన్నవి చిత్రంతో పాటు ప్రయాణించకపోతే, ఇరుపక్షాల వాదం గాలిలో కట్టిన మేడ కాదా? అదే చిత్రం వివరాలు లేకుండా చేతులు మారితే, అది పైపాఠపు చిత్రమో కిందిపాఠపు చిత్రమో కూడా కొత్తవాడికి తెలియదు. మన విశ్వాసానికి కేంద్రమైన గ్రంథం గురించి ఎవరేమి అన్నా పరీక్షించి చూడగల స్థితిలో మనం ఉండాలంటే ఈ వివరాలే ఆధారం.

రెండవది బర్మింగ్‌హామ్ ఆకులు. 1920లలో మింగానా సేకరించిన ప్రతులలో ఉన్న రెండు తోలుపత్రాల కాలం క్రీ.శ. 568, 645 మధ్య అని, 95.4 శాతం సంభావ్యతతో, కార్బన్ పరీక్ష తేల్చినట్టు 2015 జూలైలో ప్రకటన వెలువడినది. అప్పటి సంబరం అందరికీ గుర్తున్నది. కాని ఆ రెండు ఆకులు దశాబ్దాల పాటు మరొక ముస్‌హఫ్ ఆకులతో కలిపి కుట్టి, ఒకే సంఖ్య కింద ఉండిపోయినవి. అవి వేరు ప్రతివని గుర్తించినది ఆల్బా ఫెదేలీ అనే పరిశోధకురాలు. పారిస్ జాతీయ గ్రంథాలయంలోని 16 ఆకులు కూడా ఇదే ముస్‌హఫ్‌వని ఆమె నిర్ధారణ. ఇప్పుడు ఒకే ముస్‌హఫ్ రెండు దేశాలలో, రెండు కెమెరాల కింద, రెండు సంఖ్యలతో ఉన్నది. పాత సంఖ్య ఏది, కొత్తది ఏది, విడదీసినదెప్పుడు, ఈ చిత్రం విడదీయక ముందుదా తరువాతదా అన్న వివరాలు ఉంటేనే రేపు ఎవరైనా ఆ ఆకులను తెరమీద మళ్ళీ ఒక చోట చేర్చగలరు. 2011 నుంచి రూపొందుతున్న 'త్రిబుల్ ఐఎఫ్' పద్ధతి ఇటువంటి కలయికకు వీలు కల్పించినది. అయితే ఆ పద్ధతి దారం వంటిది మాత్రమే. పూసలకు రంధ్రాలు లేకపోతే దారం ఏమి చేస్తుంది?

మూడవది మన ఇంటి సంగతి. హైదరాబాదులో 1891లో ఏర్పడిన కుతుబ్‌ఖానా ఆసఫియ్యా అరబీ, ఫార్సీ, ఉర్దూ రాతప్రతులకు ప్రపంచ ప్రసిద్ధి. జర్మన్ పండితుడు బ్రోకెల్‌మాన్ తన అరబీ సాహిత్య చరిత్రలో దాని ప్రతులను పేర్కొన్నాడు. 1888లో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ పరిష్కర్తలూ ఆ ప్రతులను వాడుకున్నారు. తరువాత ఆసఫియ్యా రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమైనది. రాతప్రతులు 1975లో ఏర్పడిన ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి చేరినవి. స్థలం మారినప్పుడు గుర్తులు మారడం సహజం. అయితే కైరోలోనో బెర్లిన్‌లోనో కూర్చున్న పరిశోధకుడి చేతిలో ఉన్నది పాత ఆసఫియ్యా గుర్తే. చిత్రం పక్కన పాత గుర్తు, కొత్త గుర్తు రెండూ లేకపోతే అతనికి ప్రతి దొరకదు. దొరకనిదాన్ని పోయినదని వ్రాస్తాడు. అల్మారాలో భద్రంగా ఉన్న గ్రంథం ఆ విధంగా విద్వత్ప్రపంచంలో కనుమరుగవుతుంది.

ఇక అచ్చుపుస్తకాల సంగతి. ఈ శతాబ్దం తొలి ఏళ్ళలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో లక్షల పుస్తకాలు స్కాన్ అయినవి. హైదరాబాదు ఆ పనికి ఒక ముఖ్య కేంద్రం. తెలుగు, ఉర్దూ పాఠకులకు ఆ పథకం చేసిన మేలు చిన్నది కాదు. నా అల్మారాలో లేని ఎన్నో గ్రంథాలను నేను దాని ద్వారానే చదివాను. కేంద్రం పేరు, పుటల సంఖ్య వంటివి నమోదు చేసినందుకు దాన్ని మెచ్చుకోవాలి కూడా. కాని కర్త పేరు ఉండవలసిన చోట శూన్యమని ఆంగ్లంలో కనిపించే పుస్తకాలెన్ని! రోమన్ లిపిలో పోల్చుకోలేనంతగా మారిన ఉర్దూ పేర్లెన్ని! చిత్రాలు ఎక్కువగా ఒక బిట్టువి కనుక గ్రంథాలయ ముద్రలు, యజమానుల చేవ్రాతలు నల్లని మరకలుగా మిగిలినవి. పుటలు లోపిస్తే, అసలు పుస్తకంలోనే లేవా, స్కానింగులో జారిపోయాయా అన్నది చెప్పే గది లేదు. పథకపు వెబ్‌సైటు మూతపడినది. ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవులో మిగిలినవి. అడగడానికి ఇప్పుడు మనుషులు లేరు. వివరాలను ఆనాడే వ్రాయాలనడం ఇందుకే.

హక్కు ఎవరిది?

హక్కుల గది రెండు రకాలుగా తప్పు నింపబడుతున్నది. ఎనిమిది వందల ఏళ్ళ నాటి ముస్‌హఫ్ చిత్రం కింద 'సర్వహక్కులూ మావే' అని వ్రాసుకునే మ్యూజియములు ఒక వైపు. చదునైన పాత వస్తువుకు యథాతథంగా తీసిన ఛాయాచిత్రంలో కొత్త హక్కు పుట్టదని అమెరికాలో 1999లో న్యాయస్థానం చెప్పినది. ఐరోపా సమాఖ్య 2019 నాటి ఆదేశంలో అదే ధోరణి అవలంబించినది. 2023లో ఇంగ్లండు అప్పీలు న్యాయస్థానపు తీర్పు కూడా అటే మొగ్గినది. అయినా పాత వాక్యాలు చిత్రాల కింద అలాగే వేలాడుతున్నవి. రెండవ వైపు, మన దేశంలో కర్త మరణానంతరం 60 ఏళ్ళ వరకు హక్కు ఉంటుందన్నది చూడకుండా, ప్రతి పాత పుస్తకానికీ 'హక్కులు చెల్లినవి' అని ముద్ర వేసే పథకాలు. ఒకటి ప్రజల సొత్తును ఆక్రమించడం, రెండవది కర్త వారసుల సొత్తును పంచిపెట్టడం. హక్కుల స్థితిని స్పష్టంగా తెలపడానికి 12 ప్రామాణిక వాక్యాలు 2016 నుంచి ప్రపంచమంతటా అందుబాటులో ఉన్నవి. నిజంగా తెలియనప్పుడు 'నిర్ధారణ కాలేదు' అని చెప్పే వాక్యం కూడా వాటిలో ఉన్నది. తెలియదనడం సిగ్గుపడవలసిన మాట కాదు. మన విద్వాంసుల మర్యాద అది.

మన రాతప్రతుల విషయంలో మరొకటి ఉన్నది. ఎన్నో ప్రతుల మొదటి ఆకుపై వక్ఫ్ వ్రాత ఉంటుంది. ఇచ్చినదెవరు, ఏ మస్జిదుకు, ఏ విద్యార్థుల కోసం, అమ్మరాదు, దానమివ్వరాదు అన్న షరతులు అందులో ఉంటాయి. ఇదీ హక్కుల వివరమే. వందల ఏళ్ళ క్రితం వ్రాసినది. స్కాన్ చేసేవారు దాన్ని అలంకార పుటగా చూసి వదిలేసినా, పాఠం మొదలయ్యే పుట నుంచే చిత్రాలు తీసినా, వాకిఫ్ మాట తెగిపోయినట్లే. ఆ ప్రతి ఒక వ్యాపారి చేతిలో ఎలా కనిపించిందని రేపు ఎవరైనా అడిగితే సాక్ష్యంగా నిలిచేది ఆ పుట చిత్రమూ, దాన్ని తీసిన తేదీయే.

అసలు పోయిన నాడు

2013 జనవరిలో మాలీ దేశపు టింబక్టూలో అహ్మద్ బాబా సంస్థలో రాతప్రతులకు నిప్పు పెట్టారు. అంతకు ముందే స్థానికులు ప్రాణాలకు తెగించి ఎన్నో ప్రతులను రహస్యంగా బమాకోకు తరలించారు. అక్కడ వాటిని డిజిటల్ చిత్రాలుగా మార్చే పని ఏళ్ళ తరబడి సాగినది. అసలు కాలిపోతే నకలే అసలవుతుంది. ఆ క్షణం నుంచి చిత్రం పక్కన ఉన్న వివరాలే దానికి ఏకైక సాక్షి. మరొక వైపు, నకలు క్షేమమనుకోవడమూ భ్రమే. 2023 అక్టోబరులో లండను బ్రిటిష్ లైబ్రరీ కంప్యూటర్లపై దాడి జరిగి, డిజిటల్ రాతప్రతులు నెలల తరబడి పాఠకులకు అందకుండా పోయినవి. అంత పెద్ద సంస్థకే అది తప్పలేదు. అటువంటి ఆపద తరువాత ఫైళ్ళను తిరిగి నిలబెట్టేటప్పుడు ఏది ఏ ప్రతికి చెందినదో, ఏది చెడినదో తేల్చేవి పాత వరుస సంఖ్యలూ చెక్‌సమ్‌లే.

ఇప్పుడు కొత్తగా వచ్చిన ప్రమాదం మరొకటి. కృత్రిమ మేధ సాధనాలు మసకబారిన పుటను శుభ్రం చేసి, చిరిగిన చోట అక్షరాన్ని పూరించి ఇస్తున్నవి. చూడటానికి అందంగా ఉంటుంది. అయితే రావీ తన మాటను హదీసులో కలిపితే దాన్ని 'ముద్రజ్' అన్నారు. ఖతీబ్ బగ్దాదీ (రహ్) ఆ ఒక్క విషయంపైనే ప్రత్యేక గ్రంథం వ్రాశారు. యంత్రం పూరించిన అక్షరం ముద్రజ్ కాక మరేమిటి? పూరించవద్దని నేను అనడం లేదు. పూరించినట్టు వ్రాయండి, పూరించని చిత్రాన్ని విడిగా దాచండి అంటున్నాను.

ఖర్చు అనే సాకు

ఇవన్నీ ధనిక దేశాల పద్ధతులు, మన మదర్సా గ్రంథాలయాలకు సాధ్యం కావని ఒక ఆక్షేపణ వినబడుతుంది. దీన్ని తేలికగా తీసివేయలేను. చాలా చోట్ల పనిచేసేది ఒకే ముదర్రిస్, ఒకే మొబైల్ ఫోను. మెట్స్, ప్రెమిస్ వంటి నమూనాలను పూర్తిగా నింపమని అతన్ని అడగడం అన్యాయం. కాని పూర్తిగా నింపడానికీ, అసలు నింపకపోవడానికీ మధ్య చాలా దూరం ఉన్నది. ప్రతి యొక్క పాత గుర్తు, కొత్త గుర్తు, ఎవరి సొత్తు, అసలు నుంచి తీసినదా, మైక్రోఫిల్ము నుంచా, తీసినవారి పేరు, తేదీ, ఏ పరికరం, రంగులలోనా కాదా, పక్కన కొలబద్ద పెట్టారా, ప్రతిలో లేని ఆకులు ఏవి, తీయకుండా వదిలిన ఆకులు ఏవి, తరువాత చేసిన మార్పులు, ఎవరు ఎలా వాడవచ్చు. ఈ మాటలు ఒక నోటుపుస్తకంలో కూడా వ్రాయవచ్చు. ఆ పుటకు ఫొటో తీసి మొదటి చిత్రంగా చేర్చితే అది ఫైళ్ళతో పాటే ప్రయాణిస్తుంది. ఒక ప్రతికి పావుగంట కంటే ఎక్కువ పట్టదు. అప్పు వ్యవహారం చిన్నదైనా పెద్దదైనా గడువుతో సహా వ్రాసుకోవాలనీ, వ్రాసేవాడూ సాక్షులూ ఉండాలనీ ఆదేశించే ఆయతే దివ్య ఖుర్‌ఆన్‌లో అన్నిటికంటే పొడవైనది. రూపాయల లెక్కకు అంత శ్రద్ధ కావాలంటే జ్ఞానపు లెక్కకు ఎంత కావాలి?

డబ్బు పుష్కలంగా ఉన్న పథకాలకు ఈ సాకు కూడా లేదు. 2025లో కేంద్ర బడ్జెట్టు ప్రకటించిన జ్ఞాన భారతం పథకం కోటికి పైగా రాతప్రతులను లక్ష్యంగా పెట్టుకున్నది. కోటి అన్న అంకె విని సంతోషించే ముందు అడగవలసినది ఇది: ఎన్ని చిత్రాలు అని కాదు, ఎన్నింటికి సనదు అని. సంఖ్యను బట్టి కూలి ఇచ్చే పనిలో మొదట బలయ్యేది ఈ నమోదే. చిత్రం లెక్కకు వస్తుంది, వివరం రాదు.

పరిశోధకులమైన మన బాధ్యత కూడా తక్కువది కాదు. మనం చిత్రాన్ని చూసి వ్రాసినప్పుడు 'చిత్రం చూశాను' అని వ్రాయాలి. అది ఎక్కడిది, ఏ తేదీన చూశాను, రంగులలో ఉన్నదా లేదా అని చెప్పాలి. వివరాలు లేని చిత్రం ఆధారంగా ఇది ప్రవక్త (స) మాట, ఇది ఫలానా ఇమాము మాట అని తీర్మానించరాదు. మనం అడగడం మొదలుపెడితే గాని గ్రంథాలయాలు వ్రాయడం మొదలుపెట్టవు.

నా పుస్తకం సంగతి చెప్పి ముగిస్తాను. పొరపాటు తెలిసిన వెంటనే సవరణ పత్రం అచ్చు వేయించి, చేరగలిగినన్ని చోట్లకు పంపాను. అప్పటికే కొన్ని ప్రతులు ఎవరి చేతికి చేరినవో నాకు తెలియదు. ఏదో ఒక ఊరి మస్జిదులో, శుక్రవారం నాడు, ఆ వాక్యాన్ని ప్రవక్త (స) మాటగా ఎవరైనా చదివి వినిపిస్తున్నారేమో అన్న భయం నన్ను ఇప్పటికీ వదలలేదు. ఆ ఎర్రగీత అసలు ప్రతిలో ఇప్పటికీ ఉన్నది. తరువాత నేను స్వయంగా వెళ్ళి చూశాను. వెలిసిపోయినది గాని, తలుపు దగ్గర వెలుగులో పట్టుకుంటే స్పష్టంగానే కనిపిస్తున్నది.